చేసి నేర్చిన భాష

గుర్రంకొండకు వచ్చు బాటసారికి ఊరికంటె ముందుగా కొండయు, దానిపై శిథిలములైన కోటగోడలును కనబడును. హైదరాలీ, టిప్పూ సుల్తానుల కాలమున ఈ దుర్గము మైసూరు రాజ్యములో చేరియుండెను. ఆ ప్రభువులు పోయిరి; వారి సైన్యములు పోయినవి; కొండదిగువ నున్న రంగినీ మహలు నాటి వైభవమునకు గుర్తుగా మిగిలినది. రాళ్లకంటె గట్టిగా నిలిచిన గుర్తు మరియొకటి కలదు. అది ఊరివారి నాలుకపై నున్నది. ఇచ్చట కొన్ని యిండ్లలో తెలుగును, కొన్ని యిండ్లలో ఉర్దూను మాటలాడుదురు. ఒకే వీథిలో ఆడుకొను పిల్లలకు బడి మెట్లు ఎక్కకముందే రెండవ భాషయు కొంత కొంత పట్టుబడుచుండును.

ఈ విద్యను వారికి నేర్పిన గురువెవ్వడు? వ్యాకరణము చెప్పినవారు లేరు. పలకపై వ్రాయించినవారును లేరు. తెలుగింటి బాలునివైపు చెండు దొర్లినప్పుడు తోటివాడు 'పకడో' యని అరచును. వీడు చెండును పట్టుకొనును. 'ఆవో' యన్నచో పరుగెత్తును. 'బైఠో' యన్నచో కూలబడును. ఆ మాటకు తెలుగున అర్థమేమని వాడు అడుగడు. అడుగుటకు ఆటలో తీరిక యుండదు. ఇచ్చటినుండి దక్షిణముగా పుంగనూరు దాటి కుప్పమువరకు పోయినచో ఈ నేర్పు మరింత విస్తరించును. కుప్పము తమిళనాడు, కర్ణాటకముల సరిహద్దులకు దాపున నున్న మూల. అచ్చట సంతలో తల్లివెంట తిరుగు పిల్లకు 'ఇటు రా' యన్నను, 'ఇంగె వా' యన్నను, 'ఇల్లి బా' యన్నను ఒకటే యని తెలియును. మూడింటికిని ఆమె కాలు ఒకే విధముగా కదలును. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయమును కుప్పముననే నెలకొల్పుట సముచితముగా నున్నది. కాని ఆ సంతలోని పసిపిల్లలు అంతకు చాల ముందే ఆ విద్యలో పట్టభద్రులై యుండిరి.

ఇట్టి పిల్లలు బడిలో ఆంగ్లభాష ఎదురుకాగానే మూగబోవుట చూచువారికి వింతగా తోచును. రెండు మూడు భాషలు ఆలకించి మెలగు చెవులు మరియొక భాషకు మూసికొనిపోవునా? లోపము చెవులయందు లేదు. ఆ భాషను అందించు పద్ధతియందున్నది. వీథిలో భాష పరుగెత్తుచు వచ్చినది. బడిలో అది నల్లబల్లపై తెల్లని గీతలై నిలిచినది. పిల్లవాడు చేతులు కట్టుకొని కూర్చుండవలెను. ఇరువదియారు అక్షరములు వల్లింపవలెను. 'ఏ' యన్నచో 'యాపిల్' అనవలెను; ఆ పండు ఈ సీమలో పండునది కాదు. మదనపల్లె మార్కెట్టునకు బండ్లకొలది తరలివచ్చు టమాటాను ఆంగ్లమున ఏమందురని యడిగినచో తరగతి యంతయు తెల్లబోవును. తాము దినదినము పలుకు మాటయే ఆ భాషనుండి వచ్చినదని వారికెవ్వరును చెప్పియుండరు.

దీనికి తోడు భయము. మాట తప్పుగా పలికినచో ప్రక్కవాడు నవ్వును. ఉపాధ్యాయుడు కన్నెఱ్ఱ చేయును. పలుకకుండుటయే క్షేమమని ఆరేండ్ల పిల్ల తనలో తాను నిశ్చయించుకొనును. ఆ నిశ్చయము ఎనిమిదవ తరగతివరకును, కొందరియందు జీవితాంతమును విడువదు. పుటలు పుటలుగా ఆంగ్లమును చూచి వ్రాయగలిగియు, ఎదుటివారు ఒక చిన్న ప్రశ్న వేసినంతనే తలవంచుకొని నిలుచు విద్యార్థులు పల్లెలలో ఎందరో కలరు. ఇంటిలో ఆంగ్లము వినగల పట్టణపు బిడ్డకు ఈ నష్టము అంతగా తగులదు. కూలిపని చేసికొను వాని బిడ్డకు బడియే దిక్కు. అచ్చట మూగబోయినచో ఆ మాట వినుటకు ఆ బిడ్డకు వేరొక తావు లేదు.

కూర్చుండి భాష నేర్చుకొనవలెనని తలంచి భంగపడినవారిలో మిక్కిలి ప్రసిద్ధుడు ఫ్రాన్సు దేశస్థుడగు ఫ్రాన్స్వా గువాన్. పందొమ్మిదవ శతాబ్దిలో ఈయన లాటిను భాషోపాధ్యాయుడుగా నుండెను. జర్మను భాష నేర్వవలెనని హాంబర్గు నగరమునకు పోయి, గదిలో తలుపులు వేసికొని, వ్యాకరణమును, 248 అపక్రమ క్రియలను పది దినములలో కంఠస్థము చేసెను. అటుపిమ్మట ఉత్సాహముతో విశ్వవిద్యాలయమునకు పోయి ఉపన్యాసము విన్నాడు. ఒక్క మాటయు తెలియలేదు. మరల గదికి వచ్చి ఎనిమిదివందల ధాతువులు వల్లించెను. ఫలితము లేదు. మహాకవుల కావ్యములను ఎదుట పెట్టుకొని అనువదించెను. ఫలితము లేదు. కడకు నిఘంటువునే పట్టి, ముప్పదివేల మాటలను ముప్పది దినములలో నోటికి తెచ్చుకొనెను. కన్నులు చెడినవి గాని జర్మను భాష రాలేదు.

విసిగి స్వదేశమునకు వచ్చిన గువాన్ తన మేనల్లుని చూచెను. వానికి ఇంకను మూడేండ్లు నిండలేదు. మేనమామ పోవునాటికి మాటలు రానివాడు, ఇప్పుడు ఫ్రెంచి భాషలో గలగల మాటలాడుచుండెను. ఒకనాడు ఆ బాలుడు పిండిమర చూచి వచ్చెను. ఇంటికి రాగానే చిన్న చిన్న సంచులు కుట్టించుకొని, వానిలో ఇసుక నింపి, భుజముపై మోసికొనిపోయి మరలో పోయుచున్నట్లును, మర తిరుగుచున్నట్లును, పిండి దిగుచున్నట్లును ఆడసాగెను. ఒక్కొక్క పని చేయుచు ఆ పనిని నోటితో చెప్పుచుండెను. మామకు కనువిప్పు కలిగెను. పనుల వరుసను పట్టుకొని మాట నడచునని, మాటల పట్టీలో దానికి ప్రాణముండదని గ్రహించి, 1880లో ఆయన ఒక గ్రంథము ప్రకటించెను. తలుపువద్దకు నడచుట, ఆగుట, చేయి చాపుట, పిడి త్రిప్పుట, తలుపు తెరచుట, ఇట్లు ఒక చిన్న పనిని అంచెలంచెలుగా చేయుచు చెప్పుట ఆయన పద్ధతి. ముప్పదివేల మాటలు మ్రింగిన పండితుడు మూడేండ్లు నిండని బాలునికి శిష్యుడగుట విద్యాచరిత్రలో చక్కని ఘట్టము.

ఆ తరువాత ఇంగ్లండు దేశస్థుడగు హెరాల్డ్ పామర్ 1922లో జపానుకు పోయి అచ్చటి విద్యార్థులకు ఆంగ్లము నేర్పు మార్గములను పరిశోధించెను. 1925లో ఆయనయు, ఆయన కుమార్తె డొరొథీయు కలిసి, చేతల ద్వారా ఆంగ్లము నేర్పుటకై ఒక పుస్తకమును టోక్యోలో వెలువరించిరి. 1960లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జేమ్స్ ఆషర్ అను మనస్తత్త్వశాస్త్రవేత్త ఈ విషయమును ప్రయోగములతో పరీక్షించెను. ఆజ్ఞలను విని తాము స్వయముగా లేచి, నడచి, వంగి, ఎగిరి నేర్చుకొన్నవారు, ఇతరులు చేయగా కూర్చుండి చూచినవారికంటె ఎక్కువ గుర్తుంచుకొనిరి. మాటలురాని శిశువుతో తల్లి పలుకు పలుకులలో పెక్కు ఆజ్ఞలే యనియు, శిశువు మొదట దేహముతో బదులు చెప్పి, నోటితో బదులు చెప్పుట చాల కాలమునకు నేర్చుననియు ఆయన చూపెను. గుర్రంకొండ వీథిలో ఈ సంగతి క్రొత్తది కాదు. అయినను వీథిలో నున్నదానిని తరగతి గదిలోనికి తెచ్చుటకు పండితుల సాక్ష్యము అవసరమగుట లోకమర్యాద.

తెలుగు పిల్లల విషయమున ఈ పద్ధతికి ప్రత్యేకమైన ప్రయోజన మొకటి కలదు. తెలుగు వాక్యమున క్రియ చివర నుండును. 'బల్ల మీది రాయి' అనువరకు విన్న పిల్లవానికి దానిని తీయవలెనో, త్రోయవలెనో, ముట్టుకొనవలెనో తెలియదు. కడపటి మాటవరకు ఓపిక పట్టవలెను. ఆంగ్లమున ఆజ్ఞ క్రియతోనే మొదలగును. 'టేక్' అనగానే చేయి ముందుకు పోవును. దేనిని, ఎచ్చటినుండి అనునవి చేయి కదలిన పిమ్మట వచ్చును. అట్లే తెలుగున 'మీద', 'క్రింద' అను మాటలు వస్తువు పేరునకు వెనుక వచ్చును; ఆంగ్లమున 'ఆన్', 'అండర్' అనునవి దానికి ముందు వచ్చును. ఈ తారుమారు ఆరేండ్ల పిల్లకు వ్యాకరణముగా చెప్పినచో తలకెక్కదు. పెద్ద తరగతులవారికే అది చిక్కు. కాని 'పుట్ ద స్టోన్ అండర్ ద బెంచ్' అను మాటను విని, రాయి తీసికొని, వంగి, బెంచి క్రింద పెట్టిన చేయి ఆ వరుసను తనంతట తాను పట్టుకొనును. మరునాడు 'ఆన్ ద బెంచ్' అన్నచో ఆ పిల్ల ఒక్క క్షణమాగి, నవ్వి, పైన పెట్టును. ఆ క్షణమాత్రపు ఆగుటలోనే వ్యాకరణము జరిగిపోయినది.

ఇందుకు కావలసిన సామగ్రి స్వల్పము. ఏ పల్లెబిడ్డకైనను బడికి వచ్చునాటికే పదులకొలది ఆంగ్లపదములు తెలిసియుండును: గేటు, బెంచి, బాలు, బ్యాటు, బ్యాగు, బస్సు, పెన్ను, స్విచ్చి, ఫ్యాను. వీనిని ఎవ్వరును పరభాషగా తలంపరు. ఉపాధ్యాయుడు వీనికి ఒక్కొక్క క్రియను మాత్రము ముడివేసిన చాలును. 'టచ్ ద గేట్' అని తాను పోయి గేటును తాకవలెను. రెండుమూడు సారులు పిల్లలతో కలిసి తాకవలెను. పిమ్మట తాను నిలిచి, మాట మాత్రము పలుకవలెను. తెలుగున అర్థము చెప్ప నక్కరలేదు. 'రన్ టు ద గేట్', 'క్యాచ్ ద బాల్', 'ఓపెన్ ద బ్యాగ్' అని మార్చి మార్చి చెప్పవలెను. పిల్లలు ఎన్నడును విననట్టి క్రొత్త కలయికను నడుమ ఒకటి పలికి చూడవలెను: 'పుట్ ద బ్యాగ్ ఆన్ ద బాల్' అనుట వంటిది. సంచి జారిపడును; తరగతి యంతయు నవ్వును. ఆ నవ్వే వారికి అర్థమైనదనుటకు నిదర్శనము. వల్లెవేసిన పాఠమున ఇట్టి నవ్వు పుట్టదు.

ఇందు ముఖ్యమైన నియమము ఒక్కటి. పిల్లను మాటలాడుమని త్వరపెట్టరాదు. కొన్ని వారములు వినుచు, చేయుచు, మూగగా నున్నను బాధ లేదు. ఆ మౌనము భయమువలన పుట్టినది కాదు. లోపల మాట ఊరుచున్నప్పటి మౌనము. నడువలేని బిడ్డ యున్నచో ఆజ్ఞలు చేతికిని, కంటికిని తగినట్లుగా నుండవలెను; చూపుట, ఎత్తుట, దాచుట, ఇచ్చుట, ఇవన్నియు కూర్చుండి చేయదగినవే. గది ఇరుకైనచో చెట్టునీడ కలదు. పిల్లలు పెక్కుమంది యైనచో సగముమంది చేయగా సగముమంది చూచి, వెంటనే చోట్లు మార్చుకొనవలెను. చూచువారు చూచుటతోనే మిగిలిపోయినచో వారికి దక్కునది తక్కువ.

పుంగనూరు పేరు చెప్పగానే ఆ సీమ పొట్టి ఆవులు జ్ఞప్తికి వచ్చును. కాపరి అదలింపునకు అవియు మళ్లును, ఆగును, కదలును. ఆజ్ఞకు లోబడుటయే భాష నేర్చుట యైనచో ఆ ఆవులకును పట్టము కట్టవచ్చును. పిల్లవాని విద్య అచ్చట ఆగరాదు. ఈ పద్ధతిలో విలువైన ఘట్టము ఆజ్ఞ ఎదురుతిరిగినప్పుడు వచ్చును. కొన్ని వారములు గడచిన పిదప, ఇక మీరు చెప్పుడు, నేను చేసెదనని ఉపాధ్యాయుడు అనవలెను. అంతవరకు నోరు మెదపని పిల్ల లేచి 'సర్, సిట్ డౌన్' అనును. ఆయన కూర్చుండును. 'స్టాండప్' అనును. ఆయన లేచును. గౌరవమునకు భంగము కలుగునని కొందరు పెద్దలు దీనికి సమ్మతింపరు. కాని తన నోటినుండి వెడలిన పరభాషా పదము ఒక పెద్దమనిషిని కదల్చినదని చూచిన బిడ్డకు, ఆ భాష ఇక పరాయిది కాదు. ఇంతటి ధైర్యము నూరు మార్కులవలనను రాదు.

ఈ పద్ధతి పేరుతో నడచుచున్న మోసమును కూడ చెప్పవలెను. కొన్ని బడులలో వార్షికోత్సవమునాడు చిన్నపిల్లలను వేదికపై నిలిపి, ఆంగ్లగేయమొకటి పాడించుచు చేతులు త్రిప్పింతురు. తల్లిదండ్రులు మురిసి చప్పట్లు కొట్టుదురు. చేయి పైకెత్తినప్పుడు ఏ మాట పలికితివని ఆ పిల్లను అడిగినచో చెప్పలేదు. అచ్చట అర్థము తెలియక చేయి తిరుగుచున్నది; పాట లేకున్నను అట్లే తిరుగును. ఇది వల్లెవేయుటకు తొడిగిన రంగుచొక్కా. మాట మారినప్పుడు చేత మారవలెను. మాట ఆగినప్పుడు చేత ఆగవలెను. ఆ సంబంధము లేని గంతులకు వ్యాయామమున చోటు కలదు గాని భాషాబోధనమున లేదు.

గుర్రంకొండకు సమీపముననే ఇట్టి ఆలోచనలకు పాత పరిచయము కలదు. మదనపల్లెలో 1915లో అనీబిసెంటు దివ్యజ్ఞాన కళాశాలను స్థాపించెను. 1919లో రవీంద్రనాథ ఠాకూరు అచ్చట విడిసి 'జన గణ మన' గీతమును ఆంగ్లమున అనువదించెను. ఆ మహాకవియే అంతకు మునుపు, అక్షరములకంటె ముందు చెవికి ఆంగ్లము నేర్పవలెనని, 'ఇంగ్రేజి శ్రుతిశిక్ష' అను పేర బంగాళీ పిల్లలకు ఒక చిన్న పాఠ్యపుస్తకము రచించియుండెను. 1939లో దివ్యజ్ఞాన సమాజము ఆహ్వానముపై మద్రాసులోని అడయారునకు వచ్చిన మరియా మాంటిస్సోరి శిశుపాఠశాలలలో, పిల్లలు చీటీలపై వ్రాసిన పనిని మౌనముగా చదివి, లేచి ఆ పనిని చేసి చూపుదురు. చదివినది తెలిసినదో లేదో చెప్పుటకు వేరొక పరీక్ష అక్కరలేదు. మదనపల్లె చేరువనున్న రిషివ్యాలీ సంస్థ పల్లెపిల్లలకై నడపిన ఏకోపాధ్యాయ పాఠశాలలలో, బెంచీల వరుసలకు బదులుగా, పిల్లలు తమ పాఠపు కార్డు తీసికొని ఒక గుంపునుండి మరియొక గుంపునకు లేచి పోవుచు చదువుకొందురు. అచ్చటి బోధన తెలుగున సాగుట గమనింపదగినది.

ఏలయన, ఆటపాటలతో ఆంగ్లము సులభముగా వచ్చునన్నచో, చదువంతయు ఆంగ్లముననే సాగించిన మేలు కదా యని కొందరు తొందరపడుదురు. ఇది సరిగాదు. గేటును తాకుట చేతితో నేర్పవచ్చును. వాన ఏల కురియునో, అప్పునకు వడ్డీ ఎట్లు పెరుగునో చేతితో నేర్పుట దుర్లభము. ఆలోచన సాగుటకు పిల్లకు తన యింటి భాష కావలెను. 2020లో వెలువడిన జాతీయ విద్యావిధానమును వీలైనచోట్ల కనీసము అయిదవ తరగతివరకు ఇంటి భాషలో బోధన జరుగవలెనని సూచించెను. గుర్రంకొండలో కొందరి యింటి భాష ఉర్దూ. వారికి తెలుగును రెండవ భాషయే. వారి పిల్లలకు తెలుగు నేర్పుటకును ఈ చేతల మార్గము అంతయు పనికివచ్చును. చదువు ఇంటి భాషలో నడచుచుండగా దినమునకు ఇరువది నిమిషములు ఆంగ్లమునకు ఇట్లు వినియోగించిన చాలును. పుస్తకము నిండలేదని ఫీజు కట్టిన తండ్రి చింతించును. పిల్ల తలలో నిండినదానిని చూపుటకు పుస్తకము చాలదని ఆయనకు నచ్చజెప్పుట ఉపాధ్యాయుని పనులలో కష్టమైనది.

ఈ మార్గమునకు హద్దు కలదు. 'నిన్న', 'ఒకవేళ', 'న్యాయము' అను మాటలు కాలిని కదల్పవు. మూడవ, నాలుగవ తరగతికి వచ్చునప్పటికి కథయు, సంభాషణయు, చదువుటయు ముందుకు రావలెను. అప్పటికిని గంతులతోనే కాలము గడపినచో పిల్లలు విసుగుకొందురు. తొలి రెండేండ్లకు మాత్రము దీనికి సాటియైనది లేదు.

ఉపాధ్యాయునికై వేచియుండ నక్కరలేని యిండ్లును కలవు. ఎనిమిదవ తరగతి చదువు అక్కకు ఇట్టి ఆజ్ఞలు ఇరువదియైనను తెలిసియుండును. సాయంకాలము ఇంటిపని ముగిసినపిదప ఒకటవ తరగతి తమ్ముని వాకిట నిలిపి, 'జంప్', 'టర్న్', 'స్టాప్' అని ఆడింపవచ్చును. పది దినములు గడచిన వెనుక ఆజ్ఞాపించు వంతు తమ్మునిది. వాడు 'హాప్' అనును. అక్క దీపాల వేళవరకు ఒంటికాలిపై గెంతుచుండవలసి వచ్చును. 'స్టాప్' అను మాట బాగుగా తెలిసియు వాడు పలుకడు.